నందివర్ధనం కింద నల్ల గింజలు

2023 వానాకాలం చివర్లో నేను కోరుట్లలోని ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. మా ల్యాబ్‌లో పనికొచ్చే వస్తువు ఒక్కటే, డిసెక్షన్ మైక్రోస్కోప్. గింజంత వస్తువును రెండు కళ్లతో, లోతు తెలిసేలా చూపించే పరికరం అది. దాని పుణ్యమా అని చుట్టుపక్కల రైతులు అగ్గిపెట్టెల్లో, మందు డబ్బాల్లో పురుగులను పట్టుకుని మా దగ్గరికి వచ్చేవారు. పురుగు పేరు తేల్చడాన్ని మా వృత్తిలో ఐడెంటిఫికేషన్ అంటాం. బయటివాళ్లకు అది పేరు పెట్టే ముచ్చటలా కనిపిస్తుంది. నిజానికి పేరు తేలిందంటే అది ఏం తింటుందో, ఎక్కడ పడుకుంటుందో, ఎప్పుడు కనపడకుండా పోతుందో అన్నీ ఒక్కసారే తేలినట్టు. ఈ కేసు మొత్తం ఆ చివరి సంగతి మీదే నడిచింది.

ఒక శనివారం మధ్యాహ్నం స్వరూప వచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందు మా కాలేజీలోనే బైపీసీ చదివిన పిల్ల. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లికి కోడలిగా వెళ్లింది. అత్తింటివాళ్లకు సాంచాలున్నాయి, అంటే పవర్‌లూమ్‌లు. చంకలో మూడేళ్ల పాప, చేతిలో చిన్న బట్ట మూట. మూటను నా బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది.

"చేత్తోని ముట్టకున్రి మేడం. కట్టెపుల్లతోని ఎత్తి కట్టుకొచ్చిన."

విప్పాను. నల్లని గింజలు. కొన్ని ఆవాలంత, కొన్ని మిరియాలంత. రోజూ పొద్దున వాళ్ల గడప ముందు ఇవి చల్లి ఉండేవట. మొదట్లో సన్నగా, కొద్దిగా. రోజురోజుకూ లావుగా, ఎక్కువగా. అదే సమయంలో పాపకు జ్వరం పట్టుకుంది. మామ రాజేశం వెల్గటూర్ దిక్కునుంచి ఒక స్వామిని పిలిపించాడు. గింజలను చూడగానే ఆయన మంత్రించిన గింజలని చెప్పాడట. లావవుతున్నాయంటే మంత్రం బలుస్తున్నట్టేనన్నాడట. పొద్దున్నే గడప దగ్గరికి ఎవరొస్తారని అడిగాడట. వచ్చేది ఒక్కరే, పక్కింటి లచ్చవ్వ.

లచ్చవ్వ బీడీలు చేసుకుని బతికే ఒంటరి మనిషి. పొద్దంతా తంబాకు ముందు కూర్చుంటే కళ్లు మండుతాయని, స్వరూపవాళ్ల గేటు లోపల గడప మీదికి వంగి ఉన్న నందివర్ధనం పూలు కోసుకుని నీళ్లలో వేసి కళ్లకు పెట్టుకునేది. ఎన్నో ఏండ్ల నుంచి అదే అలవాటు. ఇప్పుడు ఆ అలవాటే ఆమె మెడకు చుట్టుకుంది. రమ్మనకుండా రోజూ పొద్దున్నే గడప దగ్గరికి వచ్చే మనిషి ఇంకెవరున్నారు?

"ఆమెను రావద్దన్నంక ఆగినయా?" అని అడిగాను.

"లేదు మేడం. ఇంకా ఎక్కువైనయి. కోపంతోని దూరంకెళ్లే చేస్తుందని స్వామి చెప్పిండు."

వచ్చినా ఆమే చేసింది, రాకున్నా ఆమే చేసింది. ఇటువంటి తర్కంతో లోకంలో ఎవరినైనా దోషిని చేయొచ్చు. నాకు ఒళ్లు మండింది. కానీ కోపంతో వాదన గెలవలేం. నేను పెరిగింది జగిత్యాలలో. మా నాన్న నన్ను సంఘ సంస్కరణ సభలకు వెంట తీసుకెళ్లేవాడు. అక్కడ చర్చకు ఒక కట్టుబాటుండేది. ఎదుటివాడి వాదనను వాడు ఒప్పుకునేలా ముందు నువ్వు చెప్పాలి, ఆ తర్వాతే దాన్ని ఖండించాలి. అందుకని నోరు మూసుకుని ఒక గింజను మైక్రోస్కోప్ కింద పెట్టాను.

చూసిన వెంటనే తెలిసిపోయింది. పొట్టి పీపాలాంటి ఆకారం. నిలువునా ఆరు గాడులు, ఎవరో అచ్చుపోసినట్టు. సూదితో విప్పితే లోపలంతా కొరికిన ఆకు ముక్కలు. దీన్ని ఫ్రాస్ అంటాం, అంటే గొంగళిపురుగు పెంట. ఇంత లావుగా, ఇంత తీరుగా గాడులు పడేది హాక్ మాత్ జాతి గొంగళ్ల పెంటకే. హాక్ మాత్ అంటే డేగలా వేగంగా ఎగిరే పెద్ద రెక్కలపురుగు. నందివర్ధనం ఆకు తిని, ఆ చెట్టు పాలలోని విషాన్ని అరిగించుకోగల హాక్ మాత్ మా ప్రాంతంలో ముఖ్యంగా ఒకటుంది, ఓలియాండర్ హాక్ మాత్. గన్నేరు దానికి పుట్టిల్లయితే నందివర్ధనం మేనమామ ఇల్లు.

స్వరూపను రమ్మని చూపించాను. చాలాసేపు చూసింది.

"పురుగు పెంటనా మేడం?"

"ఆవగింజంత పెంట చిన్న పురుగుది. మిరియమంత పెంట పెరిగిన పురుగుది. బలిసింది మంత్రం గాదు, పురుగు. గుడ్డు, లార్వా, ప్యూపా, ప్రౌఢదశ. ఈ ల్యాబ్‌లనే బొమ్మ గీసినవు."

"పరీక్షకు గీసిన మేడం. మా చెట్టుమీద ఉంటదనుకోలే. మేమందరం కిందనే చూసినం, ఒక్కరం మీదికి చూడలే." చెట్టును ముట్టొద్దని స్వామి దానికి ఎర్రదారం కట్టాడని కూడా చెప్పింది. ఆకుల చాటున ఆకుపచ్చగా కూర్చునే పురుగు మామూలుగానే కంటికి ఆనదు. ఇక దారం కట్టాక వెతికేదెవరు?

నాకు పెద్ద బరువు దిగినట్టనిపించింది. పురుగును పట్టి చూపిస్తే సరిపోతుంది. అప్పుడు స్వరూప తల వంచుకుని మిగతాది చెప్పింది.

స్వామి రెండు రోజుల కింద పెద్ద పూజ చేశాడు. ఆ మరునాటి నుంచి గింజలు పడలేదు. పాప జ్వరమూ తగ్గింది. స్వామి చెప్పింది నిజమేనని ఊరంతా తేల్చుకుంది. ఇక మంత్రం మళ్లీ పలకకుండా లచ్చవ్వ ముందరి పండ్లు ఊడగొట్టాలన్నాడు స్వామి. పండ్లు లేని నోట మంత్రం సరిగా పలకదట. తెల్లారితే ఆదివారం, సాంచాల షెడ్డు ముందు పంచాయితీ.

"నేను నమ్ముతలేను మేడం. కాని బిడ్డ మంచిగయ్యింది. గది చూస్తుంటే భయమైతుంది."

పాపకు టైఫాయిడ్ అని సిరిసిల్ల డాక్టరు మందులు రాసిచ్చాడు, స్వరూప రోజూ వేస్తూనే ఉంది. జ్వరం తగ్గింది మందులకు. గింజలు ఆగింది పురుగులు చెట్టు దిగడం వల్ల. పూర్తిగా పెరిగిన గొంగళి తిండి మానేస్తుంది, రంగు మారి మట్టిరంగుకు వస్తుంది, ఏదైనా చెత్తలో దూరి ప్యూపాగా మారడానికి నడిచి వెళ్లిపోతుంది. దీన్ని వాండరింగ్ స్టేజ్ అంటాం. స్వామి పూజ సరిగ్గా ఆ రోజునే పడింది. నాకు సాక్ష్యం చెప్పాల్సిన పురుగు రెండు రోజుల కిందే దాక్కుంది.

ఆ సాయంత్రం తంగళ్ళపల్లి పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఒక కానిస్టేబుల్ లచ్చవ్వ ఇంటికి వెళ్లి ఫిర్యాదు రాసిస్తావా అని అడిగి వచ్చాడు. ఆమె ఇవ్వనన్నదట. "మీరు పొద్దుమూకితే పోతరు సారూ, నేను ఈన్నే బతకాలె" అన్నదట. పంచాయితీ సమయానికి వచ్చి నిలబడతామని వాళ్లు మాటిచ్చారు.

ఆదివారం పొద్దున వేములవాడ మీదుగా తంగళ్ళపల్లి చేరాను. సాంచాలు ఆపేశారు. రోజంతా టకటకలాడే వాడలో ఆ నిశ్శబ్దం వింటేనే గుబులు పుట్టింది. షెడ్డు ముందు జనం. కుర్చీలో స్వామి, పక్కన రాజేశం. గోడవారగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద లచ్చవ్వ. దూరంగా బండి ఆపుకుని ఇద్దరు పోలీసులు. చెట్టు దగ్గరికి వెళ్లి చూశాను. కొమ్మల చివర ఆకులు ఈనెలు మాత్రమే మిగిలేలా తినేసి ఉన్నాయి. పురుగు ఒక్కటీ లేదు.

ముందు స్వామితోనే మాట్లాడాను. "మీరు చెప్పేది ఇదేనా? లచ్చవ్వ గింజలు చల్లింది, పాపకు జ్వరమచ్చింది, మీరు కట్టడి చేసిన్రు, గింజలు ఆగినయి, జ్వరం తగ్గింది."

"గదే," అన్నాడు ఆయన తృప్తిగా. నేను ఆయన పక్షమనుకున్నారేమో, కొందరు తలలూపారు.

అప్పుడు నా మూట విప్పి, భూతద్దం రాజేశం చేతికిచ్చి, ఒక గింజను నలిపి చూపించాను. ఇది గొంగళి పెంట అని, లోపల ఉన్నది నందివర్ధనం ఆకేనని చెప్పాను. రాజేశం వయసు మళ్లిన మనిషి, మొండివాడు, మూర్ఖుడు మాత్రం కాదు. శ్రద్ధగా చూశాడు.

"ఆకు పొడే మేడం. కాదంటలేను. మంత్రం చేసేటోళ్లు ఆకుతోని చేయరా?"

జనం నవ్వారు. వెనక నుంచి ఎవరో, మేడం పెంటను పట్టుకుని కోరుట్ల నుంచి బస్సెక్కి వచ్చిందని అన్నారు. ఇంకా నవ్వారు. ఆ నవ్వును నేను తట్టుకోగలను. కానీ ప్రతి నవ్వుకూ లచ్చవ్వ గోడకు ఇంకాస్త ఒరిగిపోతోంది.

పెంట చాలదు, జీవి కావాలి. చుట్టూ చూశాను. ఇంటి ముందంతా సిమెంటు. ప్యూపా కావాలనుకునే పురుగుకు మెత్తని మట్టో, చెత్తో కావాలి. సిమెంటు మీద దానికి చోటు లేదు. గోడ పట్టుకుని నడిస్తే మొదట తగిలేది సాంచాల షెడ్డు. షెడ్డు తలుపు పక్కన మోకాలెత్తు కుప్ప, సాంచాల కింద ఊడ్చిన నూలు పోగులు, దుమ్ము, చెత్త.

"ఆ కుప్పల చూడాలె," అన్నాను.

రాజేశం ముఖం మాడింది. "నా సాంచాల షెడ్డుల మంత్రం దొరుకుతదంటవా?"

"పురుగు దొరుకుతదంటున్న రాజేశమన్నా. నేను ముట్ట, లచ్చవ్వ ముట్టది. నువ్వే తియ్యి."

ఆయన కూర్చుని పోగులు ఒక్కొక్క పిడికెడు తీసి పక్కన పెట్టసాగాడు. పై పొరలో ఏమీ లేదు. మధ్యలోనూ లేదు. గేటు దాటి అవతలి పెరట్లోకి పోయాయా? కాకులు తిన్నాయా? నేను తప్పుగా లెక్కవేశానా? సగం కుప్ప అయిపోయాక ఆయన తలెత్తి చూశాడు, ఏదీ అన్నట్టు. నేను అడుగున గోడ మూల చూపించాను.

అక్కడ ఒక పోగుల ముద్ద చేతికి వచ్చింది. విడదీయబోయి ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి లాగాడు. లోపల లేత గోధుమరంగులో, వేలంత పొడుగున, మొన తేలిన ప్యూపా. చెయ్యి తగలగానే నడుము తిప్పి మెలికలు తిరిగింది. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. కాళ్లు లేవు, కళ్లు లేవు, నోరు లేదు, అయినా కదులుతోంది.

స్వామి లేచి నిలబడ్డాడు. "చూసిన్రా? మంత్రానికి పానం పోసింది. ఆలస్యం చెయ్యొద్దు, అగ్గిల ఎయ్యిన్రి."

ఎవరో అప్పుడే అగ్గిపెట్టె తీశారు. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "కాలవెట్టకుంటే దీంట్లకెళ్లి ఏమస్తది? స్వామి, మీరు చెప్పున్రి. అందరు వింటరు."

"గది చెప్పొద్దు. చెప్తే చెప్పినోనికి తగుల్తది."

"నేను చెప్త. తగిలితే నాకే తగుల్తది."

కుప్పలో మొత్తం మూడు దొరికాయి. మూడింటినీ అరచేతిలో పెట్టుకుని చూశాను. కడుపు పక్క నిలువునా ఒక నల్ల గీత, రెండు పక్కలా వరసగా నల్ల చుక్కలు. ల్యాబ్‌లో పెంటను చూసి చేసిన ఊహ ఇక్కడ ఖాయమైంది. అందరికీ వినబడేలా చెప్పాను. రెండు వారాల లోపు దీన్లోంచి అరచేయంత రెక్కలపురుగు వస్తుంది. రెక్కలు ఆకుపచ్చ, మీద గులాబీ రంగు, తెలుపు చారలు, చలువరాతి మీద గీతల్లా. కుట్టదు, కరవదు. మాపటి పూట పూల ముందు గాలిలో నిలబడి తేనె తాగుతుంది.

ఇక్కడ ఆగిపోతే చప్పట్లు వచ్చేవేమో. కానీ తప్పే వీలు కూడా ముందే చెప్పనివాడు శాస్త్రం మాట్లాడుతున్నట్టు కాదు, జోస్యం చెబుతున్నట్టు. కాబట్టి ఇంకో మాట చెప్పాను. కొన్ని రకాల ఈగలు బతికున్న గొంగళి మీద గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు లోపల తింటూ పెరుగుతాయి. వీటిని పారసైటాయిడ్‌లంటాం. అలా జరిగుంటే రెక్కలపురుగుకు బదులు తెల్లపురుగులు రావచ్చు. ఒకటి ఎండిపోవచ్చు. మూడింటిలో ఎన్ని బతుకుతాయో నాకు తెలియదు.

"ఏది అచ్చినా నాదే గెలుపంటవా మేడం?" అని ఒకాయన దెప్పాడు.

"కాదన్నా. మూడింట్ల ఒక్కటి కూడా పచ్చరెక్కల పురుగు గాకుంటే, నేను తప్పు చెప్పిన అని ఈన్నే నిలబడి ఒప్పుకుంట. స్వామిని గూడ గిట్ల ఒక్క మాట చెప్పుమనున్రి."

స్వామి చెప్పలేదు. ఏది వచ్చినా, ఏదీ రాకున్నా లచ్చవ్వను ముట్టుకోవడం నేరమని, పోలీసులు అందుకే ఉన్నారని కూడా అన్నాను. "గది తర్వాత ముచ్చట," అని కొట్టిపారేసి రాజేశం తన తీర్పు చెప్పాడు. మూడింటినీ గంపలో పోగుల మీద పెట్టి, దోమతెర గుడ్డ కప్పి కట్టాలి. గంప ఆయన ఇంట్లోనే ఉంటుంది. అప్పటిదాకా పంచాయితీ వాయిదా.

ఆ తర్వాతి రోజుల్లో నేను క్లాసులో ఏం చెప్పానో నాకే తెలియదు. ఫోన్ మోగితే పాఠం మధ్యలోనే తీసి చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం స్వరూప ఫోన్ రానే వచ్చింది. ఒక ప్యూపా పగిలి లోపలినుంచి తెల్లపురుగులు వచ్చాయి. సంగతి వాడంతా పాకింది. కొందరు లచ్చవ్వ ఇంటి ముందు గుమిగూడి తలుపు తన్నుతున్నారు. నేను పోలీసులకు ఫోన్ చేసి బస్టాండ్‌కు పరుగెత్తాను.

నేను చేరేసరికి గుంపు చెదిరిపోయింది. చెదరగొట్టింది పోలీసులు కాదు, వాళ్లు నా కంటే కొంచెం ముందే వచ్చారు. రాజేశం. సాంచా ఆపి వచ్చి, లచ్చవ్వ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడట. ఆయన అన్న మాటను స్వరూప ఉన్నదున్నట్టు చెప్పింది.

"తెల్లపురుగులస్తయని మేడం ముందుగాలనే చెప్పింది. చెప్పింది చెప్పినట్టు అచ్చింది. ఇంక రెండున్నయి. అప్పటిదాక ఎవడన్న తలుపు ముట్టిండంటే నాతోని పని పడ్తది."

నా పక్షాన వాదించిన మనిషి ఆయనొక్కడే, అదీ నన్ను ఇంకా నమ్మకుండానే. నేను ఓడిపోతానన్న చోటును ముందే గీసి చూపించాను కాబట్టి, ఆయన ఆ గీత దగ్గరే నిలబడ్డాడు. ఆ రోజు ఈగల సంగతి దాచిపెట్టి ఉంటే లచ్చవ్వ గతి ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించడానికి భయం.

మరి కొన్నాళ్లకు ఒక పొద్దున స్వరూప వీడియో కాల్ చేసింది. ఫోన్‌ను గంప వైపు తిప్పింది. దోమతెర లోపలి వైపు పట్టుకుని వేలాడుతోంది అది. పచ్చని రెక్కలు, వాటి మీద గులాబీ, తెలుపు చారలు. నేను ఎన్నో ఫోటోల్లో చూశాను, ఎన్నిసార్లో పాఠం చెప్పాను. ఆ చిన్న తెర మీద చూసినప్పుడు మాత్రం ఇంకోసారి దగ్గరగా చూపించమని స్వరూపను అడిగాను.

సాయంత్రానికి తంగళ్ళపల్లి వెళ్లాను. పంచాయితీలో కూర్చున్నవాళ్లంతా వచ్చారు, స్వామి తప్ప. ఆయన ఫోన్ మోగుతూనే ఉందట, ఎత్తడం లేదట. రాజేశం గంప తెచ్చి షెడ్డు ముందు పెట్టాడు. మూడో ప్యూపా పోగుల మీదే ఎండిపోయి ఉంది. జనం వంతులేసుకుని వంగి చూశారు. ఆడవాళ్లు పిల్లలకు చూపించారు. ఇంత అందమైనదాన్ని చూసి భయపడ్డామా అని ఎవరో నవ్వారు. పొద్దు వాలుతుండగా తెర తీశాం. అది కాసేపు రెక్కలు వణికించి ఒళ్లు వేడెక్కించుకుంది. తర్వాత ఒక్క ఊపున నందివర్ధనం మీదుగా ఎగిరిపోయింది. రాజేశం చెట్టుకున్న ఎర్రదారం తెంపి పారేశాడు. లచ్చవ్వ వైపు తిరిగి, అయ్యిందేదో అయ్యింది, రేపటి నుంచి పూలకు రమ్మన్నాడు. కేసు ముగిసిందని నేను నా సంచి సర్దుకుంటున్నాను.

పంచాయితీలో ఒక్క మాట మాట్లాడని లచ్చవ్వ అప్పుడు కొంగు నోటి మీదినుంచి తీసింది.

"రాజేశం, పురుగు దొరకకుంటే నా పండ్లు ఊడగొడుదురు గదా?"

ఆయన వంగి గంప మీది తెర మడవసాగాడు. ఆమె ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది. నా దగ్గర కూడా ఆమె చూపు ఆగింది. తర్వాత లేచి, చీర దులుపుకుని, గేటు వైపు చూడకుండా తన ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. మళ్లీ ఆ చెట్టు దగ్గరికి రాలేదు. స్వరూప రోజూ దోసెడు పూలు తీసుకెళ్లి ఆమె కిటికీలో పెట్టి వస్తోంది. తీసుకుంటుందని చెప్పింది.

నేను ఆ పంచాయితీలో అన్నింటికీ జవాబు చెప్పాను. గింజలకు చెప్పాను, జ్వరానికి చెప్పాను, కదిలే ప్యూపాకు చెప్పాను. నేరమన్న మాట కూడా చెప్పాను, కానీ నడుమ ఎక్కడో ఒక వాక్యంగా. ఆ తర్వాత నేనూ అందరితోపాటు గంప వైపే చూస్తూ కూర్చున్నాను. కుప్పలో ప్యూపా లేకపోతే, కాకి ఎత్తుకుపోయి ఉంటే, మూడింటినీ ఈగలే తిని ఉంటే, లచ్చవ్వ మంత్రగత్తె అయ్యేదా? ఒక మనిషి పండ్లు ఆమె నోట్లో ఉండటానికి ఒక పురుగు సాక్ష్యం ఎందుకు కావాలి?

ఇప్పటికీ మా ల్యాబ్‌కు జనం డబ్బాలు పట్టుకొస్తారు. కొన్ని డబ్బాలతో పాటు ఒక పేరు కూడా వస్తుంది, ఫలానా ఆమె చేసిందని. అప్పుడు నేను మూత తీయను. మైక్రోస్కోప్ మీది గుడ్డ కూడా తీయను. వాళ్లను కూర్చోబెట్టి, ఇది ఏం పురుగో నాకు తెలియకపోతే ఆమెను ఏం చేస్తారని అడుగుతాను. ఏమీ చేయబోమని వాళ్ల నోటితో చెప్పాకే డబ్బా నా చేతిలోకి తీసుకుంటాను.